ఒకే బల్ల మీద రెండు తుపాకులు

లింతాల్, గ్లారుస్
11 మే 1998

వదినకు,

ఇక్కడ అందరం కులాసా, నేను తప్ప. ఒళ్ళు బాగానే ఉంది. కడుపే మండిపోతోంది.

సెప్టెంబరులో మా లోయలో పాత తుపాకుల పోటీ. ఈ ఏడు ఆడవాళ్ళు కూడా పేరు ఇవ్వొచ్చన్నారు. డెబ్బై ఒకటో ఏట నేను పేరిచ్చాను. నవ్వకు. చిన్నప్పుడు ఆ మైదానంలో నాకు దొరికిన ఉద్యోగం కాఫీ కెటిల్ మొయ్యడం. మగవాళ్ళు పడుకుని కాల్చేవారు, నేను వంగి పోసేదాన్ని. మెల్క్ చిన్నాన్నే లేకపోతే తుపాకీ ఏ చివర పేలుతుందో కూడా తెలియకుండా ముసలిదాన్నయ్యేదాన్ని. ఆదివారం ప్రార్థన అయ్యాక నన్ను కొండ వెనక్కు తీసుకుపోయి, ఇంట్లోనే ఉంచుకొమ్మని సైన్యం తనకిచ్చిన తుపాకీతోనే నేర్పాడు. పోయేముందు దాన్ని నా చేతుల్లోనే పెట్టాడు. నీకు తెలుసుగా, పెళ్ళాం పిల్లలు లేని మనిషి.

నిన్న ఆ తుపాకీని తనిఖీకి పట్టుకెళ్ళాను. తనిఖీ చేసేది స్టూసి. కళ్ళజోడు మీద ఇంకో భూతద్దం పెట్టుకుని చూసి, నలుగురి ముందూ ఏమన్నాడో విను.

"అమ్మా, గొట్టం మీద 417, చెక్క మీద 417. గుండును లోపలికి తోసే ఈ బోల్టు మీదా 417 ఉంది గానీ, అది సైన్యం కొట్టింది కాదు. పాత నంబరు అరగదీసి ఎవరో కొత్తది కొట్టారు. అన్ని నంబర్లూ అసలువైతేనే పోటీ, ఇది పనికిరాదు."

"మా చిన్నాన్న చేశాడంటారా?"

"ఎవరు చేశారో నాకెందుకు? దొంగ సరుకు మీదే దొంగ నంబరు పడుతుందని మాత్రం తెలుసు."

వదినా, మెల్క్ చిన్నాన్న దొంగ! మన ఆవు ఇంకొకడి గడ్డి నాలుగు పరకలు కొరికితే వాడికి తిరిగి గడ్డి మోపు పంపిన మనిషి! ఆగస్టు చివర మళ్ళీ తనిఖీ ఉంది. నువ్వు తుపాకులు బాగుచేసేవాడి కూతురివి. మీ ఊరి సంఘంలో నువ్వు "సరే" అంటేనే తుపాకీ మైదానంలోకి వెళ్తుందని అన్నయ్య చెబుతుంటాడు. నేనేం చెయ్యాలో చెప్పు.

రెగులా

---

హిందర్‌బాఖ్, ఎమ్మెన్‌తాల్
19 మే

రెగులాకు,

నీ ఉత్తరం కవరు విప్పకుండానే తెలిసింది నీదేనని. మీ ఊరి ఆకుపచ్చ జున్ను వాసన టపా మనిషితో పాటే గుమ్మం దాకా వచ్చింది. వంటగదిలో కూర్చుని రాశావా, జున్ను మీద పెట్టి రాశావా?

ఇప్పుడు ఏడుపు ఆపి పని మొదలుపెట్టు. స్టూసి మాటా వద్దు, నీ మాటా వద్దు. ఇనుమునూ చెక్కనూ అడుగుదాం. వాటికి బంధువుల మీద అభిమానం ఉండదు.

ముందు చెక్క. భుజానికి ఆన్చే చివర ఇనప రేకు ఉంటుంది కదా, దాని అంచు మీద గోరు జార్చు. ఇన్నేళ్ళకి చెక్క ఎండి కొంచెం కుంచించుకుపోతుంది, రేకు అంచు గోటికి తగలాలి. రెండూ నున్నగా ఒకటిగా ఉంటే ఎవరో గరుకు కాగితం పెట్టి రుద్దారన్నమాట. అడుగు భాగం మంచులో, బూట్ల మేకుల కింద దెబ్బలు తిని నల్లబడి ఉండాలి. పెళ్ళికూతురి బుగ్గలా ఉంటే అనుమానించు.

తరవాత మరలు. తల మీది గీత అంచులు పదునుగా ఉన్నాయా, చిట్లి ఉన్నాయా చూడు. చిట్లితే తెలియనివాడెవడో విప్పాడు.

చివరికి బోల్టు. వెనక్కు లాగి బయటికి తియ్యి. తీయడం వచ్చుగా? కిటికీ దగ్గర నిలబడి, నంబరు ఉన్నచోటును ఎదురుగా కాదు, ఏటవాలుగా చూడు, బల్ల మీద దుమ్ము ఉందో లేదో కోడలి ముందు అత్తగారు వంగి చూసినట్టు. అరగదీసి ఉంటే అక్కడ చిన్న గుంట కనబడుతుంది. ఆ నంబరు మీద పల్చటి కాగితం పెట్టి పెన్సిలుతో మెల్లగా రుద్ది, అచ్చు పడ్డ కాగితం నాకు పంపు. తుపాకీ నూనెతో తుడిచి పెట్టు. వెన్న కాదు, నూనె. నీ సంగతి నాకు తెలుసు.

మీ అన్నయ్య కులాసా. మోకాలు నొప్పి, నోరు బాగు.

ఎల్స్‌బెత్

---

లింతాల్
2 జూన్

వదినా,

చెక్క పరీక్షలో నెగ్గాం. రేకు అంచుకి నా గోరు విరిగింది. అడుగు భాగం చూస్తే ఎలుకలు కొరికాయేమో అన్నట్టుంది. మరలు పదునుగా ఉన్నాయి. బోల్టు మీద మాత్రం, ఏటవాలుగా చూస్తే, నిజమే, గుంట ఉంది. చెంచాతో గీరిన వెన్నలా. (వెన్న మాట నువ్వే ఎత్తావు.) పెన్సిలు అచ్చు ఇందులో పెట్టాను.

నా అనుమానం ఒక్కటే. పదేళ్ళ కిందట పట్నంలో ఒక దుకాణంలో దీన్ని శుభ్రం చేయించాను. ఆ మహానుభావుడే మంచి బోల్టు కాజేసి ఈ దొంగది తగిలించి ఉంటాడు.

చిన్నాన్న అబద్ధం ఆడగా నేను చూడలేదు. నిజానికి ఇంట్లో ఆయన మాట్లాడగా కూడా చూడలేదు. నీ పెళ్ళినాటికే అంతా చల్లబడింది గనక నీకు తెలీదు. నాన్నా చిన్నాన్నా ఒకే ఇంట్లో ఉంటూ ఏళ్ళ తరబడి ఒకరితో ఒకరు మాట్లాడుకోలేదు. కారణం ఒక ఆవు గంట. చిన్నాన్న గంటలు పోతపోసేవాడు కదా, మందకి ముందు నడిచే నాన్న ముందావుకి ముచ్చటపడి ఒకటి చేసిచ్చాడు. నాన్న దాన్ని ఊపి, ఊరందరి ముందూ "సత్తు గిన్నె చప్పుడులా ఉంది" అన్నాడు. అంతే! తరవాత అన్నీ కుక్క ద్వారానే. "బెల్లో, ఆ ఉప్పు ఇటు తొయ్యమను." "బెల్లో, తనకి చేతులున్నాయని చెప్పు." ఏటా సైన్యపు తనిఖీ ముందు రోజూ, తిరిగొచ్చిన రోజూ ఇద్దరూ ఒకే బల్ల మీద, ఒకే నూనె డబ్బాతో తుపాకులు విప్పి తుడుచుకునేవారు. ఆ బల్ల దగ్గర నోరు విప్పేది కుక్క ఒక్కటే.

తొందరగా రాయి. నేను రోజూ మంచం మీద బోర్లా పడుకుని గురిపెట్టడం సాధన చేస్తున్నాను. పడుకోవడం సులువే. లేవడానికే పక్కింటావిడని పిలవాల్సి వస్తోంది.

రెగులా

---

హిందర్‌బాఖ్
10 జూన్

రెగులాకు,

తీపి పూసి చెప్పడం నాకు చేతకాదు. స్టూసి చెప్పింది నిజం. సైన్యం కొట్టిన అంకెలు పరేడ్‌లో సిపాయిల్లా ఒకే ఎత్తున, ఒకే లోతున నిలబడతాయి. నువ్వు పంపిన 417లో 4 వంగింది, 7 కాలు బయటికి తిరిగింది. ఇంకో సంగతి. 4కి ఎడం పక్కన ఆకురాయి చేరని మూల ఒక చిన్న వంపు మిగిలింది. పాత అంకె ముక్క అది. 3 పొట్టో, 8 పొట్టో.

దుకాణంవాడిని అనకు. అమ్ముకోవడానికి దొంగ నంబరు కొట్టేవాడు ఇంతకన్నా శుభ్రంగా కొడతాడు. ఇది హడావిడిలో ఉన్న మనిషి పని. అతనెవరో నీకూ నాకూ అనిపిస్తున్నదే, నేను రాయను.

పోటీకి ఇంకో తుపాకీ అరువు తెచ్చుకో. అన్ని తుపాకులూ మా గోడ మీద ఉన్న మీ నాన్న తుపాకీలా ఉండవు. మీ అన్నయ్య ఇల్లరికం వచ్చిన రోజు పెట్టెలో రెండు చొక్కాలు, భుజాన ఆ తుపాకీ. తెచ్చిన ఆస్తి అదే అయినా, ఆస్తి స్వచ్ఛమైనది. ఏటా శరదృతువులో మా సంఘం ప్రదర్శనలో దాన్ని మధ్య బల్ల మీద పెట్టి, "ఏ చెయ్యీ పడని తుపాకీ అంటే ఇదీ" అని కొత్తవాళ్ళకి చూపిస్తాను.

ఎల్స్‌బెత్

---

లింతాల్
15 జూన్

వదినకు,

నువ్వు రాయనన్న పేరు నేను రాస్తాను. మెల్క్ చిన్నాన్న. నువ్వు ఆ మాట కాగితం మీద పెట్టలేదు గానీ, కాగితం అంతా ఆ మాటే ఉంది.

అరువు తుపాకీతో కాల్చడానికైతే నేను పేరే ఇచ్చేదాన్ని కాదు. నాకు కావలసింది ఆయన తుపాకీ, ఆ మైదానం, మైకులో ఆయన పేరు గట్టిగా చదివే గొంతు. అది నీకు అర్థం కాలేదంటే, ఇన్నేళ్ళ మన చుట్టరికం ఎందుకు?

మీ గోడ మీది మహాతల్లి ఒక్కతే పతివ్రతా? ఏ చెయ్యీ పడలేదన్నావు, నీ చెయ్యి పడిందా అసలు? దాని బోల్టు మీద నంబరు ఎంతో చెప్పు చూద్దాం. గొట్టం మీది నంబరు కాదు. బోల్టు మీదిది. ఊళ్ళో తుపాకులన్నిటికీ భూతద్దం పెట్టే మనిషివి, నీ సొంత గోడకి ఎన్నిసార్లు పెట్టావు?

రెగులా

---

హిందర్‌బాఖ్
1 జులై

రెగులాకు,

ఇక్కడ ఎండలు బాగా కాస్తున్నాయి. గడ్డి కోతలు మొదలయ్యాయి. మొదటి కోత బాగానే వచ్చింది. చెర్రీలు పక్షులు తినగా మిగిలినవి పచ్చడి పెట్టాను. మా చర్చికి కొత్త పాదిరి వచ్చాడు, గొంతు సన్నం, ప్రసంగం పొడవు. గదుల కిటికీల్లో జెరానియం పూలు విరగబూశాయి. జున్ను ధర ఏమీ బాగాలేదు.

ఒళ్ళు జాగ్రత్త.

ఎల్స్‌బెత్

చెల్లీ, ఇది ఊలి అన్నయ్య రాస్తున్నాను, కవరు అంటించమని నాకిచ్చింది గనక. మీ వదినకి ఏమైందో తెలీడం లేదు. నీ ఉత్తరం రాగానే చించేస్తుందనుకున్నాను, చించలేదు. నువ్వు పంపిన పెన్సిలు కాగితం పట్టుకుని కొట్టంలోకి పోయి, మా పెళ్ళికి మెల్క్ చిన్నాన్న పంపిన ఆవు గంటలన్నీ దించి, తిరగేసి లోపలికి చూసింది. తరవాత స్టూలు వేసుకుని గోడ మీది తుపాకీ దించింది. ఇన్నేళ్ళూ దాన్ని దించేది నేనే, తను ఈకల కట్టతో దుమ్ము మాత్రం దులుపుతుంది. చూసింది. మళ్ళీ తగిలించింది. అప్పటి నుంచి నన్ను ఒక్క తిట్టు తిట్టలేదు. భయంగా ఉంది.

---

లింతాల్
6 జులై

వదినా,

జెరానియం పూలు ఎలా ఉన్నాయని నేను అడగలేదు.

నంబరు ఎంత?

రెగులా

---

హిందర్‌బాఖ్
13 జులై

రెగులా,

417.

మా గోడ మీది తుపాకీ గొట్టానికి 352. చెక్కకి 352. బోల్టుకి 417. సైన్యం కొట్టిన అంకెలే, సిపాయిల్లా నిలబడ్డాయి, ఆకురాయి వాసన కూడా తగలని బోల్టు. అది నీది. నీ తుపాకీలో ఉన్నది మాది. 4 పక్కన మిగిలిన ఆ వంపు, 352లో మొదటి 3 పొట్ట.

ఇప్పుడు మొదటి నుంచి చెబుతాను, మధ్యలో నవ్వకు. నీ ఉత్తరం చదివి నాకు ఒళ్ళు మండింది. ఎందుకు మండిందంటే, నువ్వు అన్నది నిజం. ఊళ్ళో తుపాకుల బోల్టులన్నీ తీయించి చూశాను, ఇంట్లోది ఎప్పుడూ తీయలేదు. మామగారి తుపాకీని అనుమానించడమేమిటి అనుకున్నానో, అసలు అనుకోనేలేదో. సరే, ముందు నీ చిన్నాన్న సంగతి తేలుద్దామని గంటల దగ్గరికి పోయాను. ప్రతి గంట లోపలి అంచున ఆయన వరస సంఖ్య కొట్టేవాడు కదా. 7 ఉన్నవి వెతికాను. అన్నిటికీ కాలు బయటికే తిరిగి ఉంది. 4 అన్నిటా వంగే ఉంది. నీ బోల్టు మీద కొట్టింది మెల్క్ చిన్నాన్నే, ఆవు గంటల మీద కొట్టే అచ్చులతోనే.

అయితే దొంగ ఎందుకు కొడతాడు సొంత నంబరు? మరి ఆయన తుపాకీతో వచ్చిన అసలు బోల్టు ఎక్కడికి పోయింది? నువ్వు రాసిన ఆ ఒకే బల్ల గుర్తొచ్చింది. అప్పుడు స్టూలు ఎక్కాను.

జరిగింది ఇదీ. ఒకే బల్ల, ఒకే నూనె డబ్బా, నోరు విప్పని ఇద్దరు అన్నదమ్ములు. ఒక ఏడు తనిఖీ నుంచి తిరిగొచ్చి, తుడిచి పెట్టేటప్పుడు బోల్టులు తారుమారయ్యాయి. మామగారికి ఆ ఏడే సైన్యం బాధ్యత తీరిపోయింది. తుపాకీ గోడెక్కింది, మళ్ళీ ఎవరూ అడగలేదు. మెల్క్ చిన్నాన్నకి మరుసటి ఏడు తనిఖీ ఉంది. పెట్టెలోంచి తీసి చూసుకుంటే బోల్టు మీద 352! వేరేవాడి బోల్టుతో పోతే శిక్ష. "అన్నా, నీ బోల్టు నా దగ్గరికొచ్చింది" అంటే అరనిమిషంలో తీరే పని. ఆ మనిషి అరనిమిషం మాట్లాడ్డం కన్నా రోజంతా ఆకురాయి పట్టడమే సుఖమనుకున్నాడు. మీ ఇంటి రక్తం అలాంటిది. మీ అన్నయ్యకి ఇది చదివి వినిపించాను. "గంట నిజంగానే సత్తు గిన్నెలా మోగేదా?" అని అడిగాడు. అతనికి పట్టింది అదీ.

మెల్క్ చిన్నాన్న దొంగ కాదు రెగులా. అలిగిన తమ్ముడు, అంతే.

మొదటి రోజే రాయాల్సింది. రాయకుండా పూల గురించి రాశాను. ప్రదర్శనలో మధ్య బల్ల గుర్తొచ్చింది. ఏ చెయ్యీ పడని తుపాకీ! కొత్తవాళ్ళకి అలా చెప్పేటప్పుడు నేను గడ్డం ఎంత పైకెత్తుతానో నువ్వు చూడలేదు, చూసినవాళ్ళు ఊరంతా ఉన్నారు.

నీ బోల్టు వేరే పార్శిల్లో వస్తోంది. తెల్లసొన, చక్కెరతో చేసిన మెరాంగుల డబ్బాలో, మీ అన్నయ్య ఉన్ని మేజోడులో చుట్టి పెట్టాను. మేజోడు ఉతికిందే. దారిలో మెరాంగులు పొడి అయితే ఆ పొడి మీగడలో వేసుకు తిను. బోల్టు ముందు తుడువు.

ఎల్స్‌బెత్

---

లింతాల్
14 సెప్టెంబరు

నా బంగారు వదినకు,

ఆగస్టులో రెండు ముక్కలే రాసి ఊరుకున్నందుకు తిట్టుకుని ఉంటావు. అంతా కలిపి ఒకేసారి చెప్పాలని బిగబట్టాను. ఇదిగో.

మెరాంగులు పొడే. తిన్నాను. బోల్టు తుడిచి తుపాకీలో పెట్టాను. ముందరి బోల్టు కాస్త బిగుసుగా వెళ్ళేది, దాన్ని నేను వయసనుకున్నాను, తుపాకీదో నాదో. ఇది వేలు తగిలితే లోపలికి జారింది. వదినా, వంటగదిలో ఒక్కదాన్నే నిలబడి దాన్ని ముందుకూ వెనక్కూ ఎన్నిసార్లు లాగానో! పక్కింటావిడ తలుపు కొట్టి కుట్టుమిషను కొన్నావా అంది.

తనిఖీకి నీ ఉత్తరం, పాత బోల్టు, మెల్క్ చిన్నాన్న గంట ఒకటి, అన్నీ సంచిలో వేసుకుపోయాను. స్టూసి భూతద్దం పెట్టాడు. బోల్టు రెండుసార్లు తిప్పి చూశాడు. "ఇది అసలుది" అన్నాడు. "ఎక్కడ దొరికింది?"

"మా వదిన గోడ మీద."

"మరి ఆ దొంగది?"

"దొంగది అనకండి. దాని కథ వినండి" అని గంట ఆయన ముక్కు ముందు మోగించాను. కథంతా చెప్పాను. ఆయన గంట తిప్పి 7 కాలు చూశాడు, బోల్టు మీది 7 కాలు చూశాడు. పెద్దమనిషి, ఒప్పుకోవాలి. తనిఖీ గదిలో ఉన్నవాళ్ళందరూ వినేలా, "మెల్కియోర్ గారి గురించి నేనన్న మాట వెనక్కు తీసుకుంటున్నాను" అన్నాడు. తరవాత నెమ్మదిగా, "నేనూ మా తమ్ముడూ కంచె దగ్గర మాట్లాడుకుని నాలుగేళ్ళయింది" అన్నాడు. నేను గంట ఇంకోసారి మోగించాను.

ఇక నిన్న పోటీ. మైకులో చదివారు: "రెగులా జోప్ఫి, మెల్కియోర్ జోప్ఫి తుపాకీతో." అక్కడే కళ్ళు తడిసి మొదటి గుండు ఎక్కడికి పోయిందో దేవుడికే తెలియాలి. గురి బల్లల కింది గుంటలోంచి ఎర్ర జెండా ఊపారు, సున్నా అని. వెనకనుంచి ఎవడో "అవ్వా, ఆవుని కాల్చకు!" అన్నాడు. "నోర్ముయ్, నువ్వు దూడవి గనక భయం!" అన్నాను పడుకునే. అంతా నవ్వారు. ఆ నవ్వుతో భుజం వదులయింది. తరవాతవన్నీ నల్ల చుక్కలోనే, వదినా! ఒకటి సరిగ్గా నడిమధ్యన! మొదటి బహుమానం ఇంకొకరికి పోయింది, పోనీ. నాకు పతకం ఇచ్చారు, కోటుకి గుచ్చుకున్నాను, రాత్రి గౌనుకి కూడా.

లేవడానికి ఇద్దరు పట్టుకున్నారు. లేచేసరికి ఎదురుగా స్టూసి, చేతిలో కాఫీ కెటిల్. "కూర్చోండి, పోస్తాను" అన్నాడు. కూర్చున్నాను. ఆయన వంగి పోశాడు. అరవై ఏళ్ళ కిందట నేను నిలబడ్డ చోటే.

మీ బోల్టు ఈ పార్శిల్లో ఉంది. బాదం, ఎండు ప్లమ్ పండ్ల పిండివంటతో పాటు పెట్టాను. జున్ను వాసన వస్తే అది నీ ఊహే.

నీ రెగులా

---

హిందర్‌బాఖ్
12 అక్టోబరు

రెగులాకు,

పిండివంట అందింది. జున్ను వాసన ఊహ కాదు, బోల్టుకి కూడా పట్టింది. రెండుసార్లు నూనెతో తుడిచాను, పోలేదు. ఉండనీ, పుట్టిల్లు గుర్తుంటుంది.

నీ ఉత్తరం మీ అన్నయ్య చదివి, కిటికీ దగ్గరికి పోయి చాలాసేపు ముక్కు చీదాడు. జలుబన్నాడు. తరవాత కొట్టంలోకి వెళ్ళి ముందావు మెడలో ఉన్న గంట తీసేసి మెల్క్ చిన్నాన్న గంట కట్టాడు. నేనూ విన్నాను. నిజం చెప్పాలంటే సత్తు గిన్నె చప్పుడే. మామగారు అన్నదాంట్లో తప్పు లేదు, అందరి ముందూ అనడంలోనే ఉంది.

నిన్న మా సంఘం ప్రదర్శన జరిగింది. మధ్య బల్ల మీద ఎప్పట్లాగే మామగారి తుపాకీ పెట్టాను, నువ్వు పంపిన బోల్టుతో. కార్డు మార్చి రాశాను: "బోల్టు అసలుదే. నంబరు అరగదీసి, తప్పు నంబరు కొట్టబడింది." అంతా మూగారు. ఒకడు వెటకారంగా, "ఏమ్మా, మీ తుపాకీనే తనిఖీలో తప్పించారా?" అన్నాడు. "అవును నాయనా, నీదైతే బల్ల దాకా కూడా రానిచ్చేదాన్ని కాదు" అన్నాను. ఏ చెయ్యీ పడనిదని చెప్పే రోజుల్లో ఆ బల్ల ముందు ఒక్క నిమిషం నిలబడేవారు. నిన్న గంట, బోల్టు, బెల్లో కుక్క కథ వినడానికి కుర్చీలు వెతుక్కున్నారు. నాలుగుసార్లు చెప్పించారు. నాలుగోసారికి కుక్కకి కొన్ని మాటలు నేనే కలిపాను.

మళ్ళీ వసంతంలో మా ఊళ్ళో కూడా పాత తుపాకుల పోటీ పెడతారట. నా చెయ్యి వణుకుతుంది, నేను కాల్చను, తనిఖీ చేస్తాను. నువ్వు రా. రైలు దిగేచోటుకి మీ అన్నయ్య బండి తెస్తాడు. వారం ముందే రా, ఈసారి సలహా అడగడానికి కాదు, మాట్లాడుకోవడానికి.

నీ తుపాకీ తెచ్చుకో. రెండూ మా వంటింటి బల్ల మీదే విప్పి, ఒకే నూనె డబ్బాతో తుడుచుకుందాం. గొంతు నొప్పెట్టేదాకా కబుర్లు చెప్పుకుందాం. బోల్టులు మాత్రం బల్ల మీద పెట్టొద్దు. ఎవరిది వాళ్ళ ఒళ్ళో.

మీ వదిన
ఎల్స్‌బెత్